పోయేది చాలా ఉంది

“పోయేదేముంది, ఒకసారి చూపించండి.”

అమ్మకు స్ట్రోక్ వచ్చిన తర్వాత మొదటి రెండు నెలల్లో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. పక్క ఫ్లాట్ ఆంటీ అన్నారు. సూర్యాపేట నుంచి చూడ్డానికి వచ్చిన మేనమామ అన్నాడు. బొటానికల్ గార్డెన్‌లో పొద్దున నడకలో పరిచయమైన పెద్దాయన అన్నారు. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అన్నారు. అందరూ అమ్మ బాగుండాలని కోరుకునేవాళ్లే. వాళ్లు చూపించమన్నది సూదుల వైద్యానికి, అంటే ఆక్యుపంక్చర్‌కు. దానితోపాటు మోక్సా సెగ, కప్పింగ్, ఏవో చైనా మూలికల పొడులు. “తిమ్మిరికి ఇంగ్లీషు వైద్యంలో మందు లేదు. చైనావాళ్ల దగ్గర వేల ఏళ్లుగా ఉంది. పైగా సైడ్ ఎఫెక్టులు లేవు.” హైదరాబాద్‌లోని మా కొత్తగూడ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇది అందరూ ఒప్పేసుకున్న మాట. చదువుకున్నవాళ్లు, కోడ్‌లో ఒక్క అక్షరం మారినా పరీక్షించకుండా వదలనివాళ్లు, ఈ మాటను మాత్రం పరీక్షించకుండానే నమ్ముతారు. నేనూ నమ్మాను. అందుకే రాస్తున్నాను.

అమ్మది కాలూ చెయ్యీ పడిపోయిన పక్షవాతం కాదు. ఒక పొద్దున లేచేసరికి కుడివైపంతా, చెంప నుంచి అరికాలి దాకా, మొద్దుబారింది. ఎంఆర్‌ఐలో ఎడమ థాలమస్ దగ్గర శనగగింజంత మచ్చ కనబడింది. చర్మం నుంచి, కీళ్ల నుంచి వచ్చే కబుర్లన్నీ మెదడు పైపొరకు చేరేముందు ఆగి వెళ్లే మజిలీ థాలమస్. అక్కడ ఒక చిన్న రక్తనాళం మూసుకుపోతే బలం తగ్గకపోవచ్చు, మాట పోకపోవచ్చు, స్పర్శ ఒక్కటే పోవచ్చు. ఆసుపత్రిలో నరాల డాక్టరు తన వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు, పట్టుకుంది. కాలు ఎత్తమన్నారు, ఎత్తింది. “పవర్ బాగానే ఉంది, అదృష్టవంతులు” అని బీపీకి, కొలెస్ట్రాల్‌కు, రక్తం గడ్డకట్టకుండా గోలీలు రాసి పంపించారు.

ఇంటికి వచ్చాక ఒక్కొక్కటే బయటపడ్డాయి. కుడికాలి చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో లిఫ్ట్ దాకా నడిచింది. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయింది. పోపుల పెట్టెలో వేలు పెడితే ఆవాలో మెంతులో తెలియలేదు. నలభై ఏళ్లు పొయ్యి మీది గిన్నె వైపు చూస్తూ, పెట్టె వైపు చూడకుండా పోపు వేసిన చెయ్యి అది. “ఎవరిదో చెయ్యి తెచ్చి నాకు తొడిగినట్టుంది బిడ్డా” అంది. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఎంతో కొంత స్పర్శ దెబ్బతింటుంది. అయినా మన ఆసుపత్రుల్లో కొలిచేది బలాన్నే. స్పర్శను ఎవరూ పట్టించుకోరు. సూదుల వైద్యం వచ్చి కూర్చున్నది ఆ ఖాళీలోనే. డాక్టరు రెండు నిమిషాలు మాట్లాడి పంపేస్తే, సూదులు పెట్టేవాళ్లు నలభై నిమిషాలు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, “తప్పకుండా వస్తుందమ్మా” అన్నారు. ఆ దయ అబద్ధమని నేను అనను. వాళ్లు ఇచ్చిన మాట గురించే నా తగవు.

ఇరవై సిట్టింగుల ప్యాకేజీ తీసుకున్నాం. సూదులకు సన్నని వైర్లు తగిలించి కరెంటు పెడితే అమ్మ ముంజేతి కండ అదిరేది. “తెలుస్తోందా?” అని అడిగితే “తెలుస్తోంది” అనేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఎనిమిదో సిట్టింగులో మణికట్టు దగ్గర మోక్సా సెగ పెట్టారు. మోక్సా అంటే ఎండబెట్టి నలిపిన ఒక ఆకు. వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రికి దగ్గరి చుట్టం. దాన్ని వెలిగించి చర్మానికి దగ్గరగా పట్టుకుంటారు. వేడి ఎక్కువైతే రోగి చెప్పాలి. అమ్మ చెప్పలేదు. ఆమెకు తెలియలేదు. సాయంత్రానికి మణికట్టు మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. ఆ బొబ్బను చూసింది కూడా నేనే. ఆమె కాదు.

సైడ్ ఎఫెక్టులు లేవని చెప్పేవాళ్లు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి. స్పర్శ పోయినవాళ్లకు సెగ పెట్టడమంటే, కాలుతున్నా అరవలేని మనిషిని నిప్పు పక్కన కూర్చోబెట్టడమే. పైగా మన ఊళ్లో స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి షుగర్ కూడా ఉంటుంది. వాళ్లకు పుండు పడితే మానడం కష్టం. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి మందులు వాడుతున్నవాళ్లకు లోతుగా సూదులు దించితే, కప్పులు పెట్టి చర్మాన్ని లాగితే, లోపల నెత్తురు కమిలిపోవచ్చు. సూదికి కూడా ఒక చిక్కు ఉంది. సూది సరైన చోట దిగిందనడానికి ఆ వైద్యంలో గుర్తు, రోగికి లోపల బరువుగానో, జివ్వుమనో, లాగినట్టో తెలియడం. దాన్ని చైనాలో దెచీ అంటారు. తెలియడమే పోయిన చేతికి, తెలిసిందా లేదా అన్నది కొలబద్ద.

“మరి కరెంటు పెడితే తెలిసింది కదా?” నన్ను ఎక్కువగా మోసం చేసింది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్పర్శ ఒకటే వస్తువు కాదు. నొప్పి, వేడి, చలి వెన్నుపాములో ఒక దారిన పోతాయి. సన్నని తాకిడి, వేలు ఎక్కడ ఉందో ఎటు వంగిందో చెప్పే ఎరుక, ఇంకో దారిన పోతాయి. కండ గట్టిగా అదిరేంత కరెంటు పెడితే బాగా మొద్దుబారిన చేతికైనా ఏదో ఒకటి తెలియవచ్చు. అది తెలిసినంత మాత్రాన ఆవగింజ తెలుస్తుందని కాదు. గోడ కూలిన చప్పుడు వినబడితే చెవి బాగున్నట్టు కాదు కదా, పక్క గదిలో మాట వినబడాలి. పదిహేను సిట్టింగులయ్యాక కూడా అమ్మకు ఆవాలు తెలియలేదు. కానీ ఎవరూ పోపుల పెట్టెతో పరీక్షించలేదు. సూది పెట్టినచోట సూదినే అడిగారు.

వేల ఏళ్ల అనుభవం సంగతి చూద్దాం. స్ట్రోక్‌ను చైనాలో జోంగ్‌ఫెంగ్ అంటారు, గాలి కొట్టడమని అర్థం. మన పక్షవాతంలోనూ ఉన్నది వాతమే. రెండు నాగరికతలూ కనబడని దెబ్బకు కనబడని గాలినే కారణంగా చెప్పాయి. ఇప్పటికీ మా ఊరి పెద్దవాళ్లు రోగికి చల్లగాలి తగలనివ్వరు. పడిపోయిన చేతికి పావురం నెత్తురు రుద్దుతారు. మేనమామ పావురం నెత్తురు మాట ఎత్తితే ఇంట్లో అందరం వారించాం. సూదుల మాట ఎత్తితే అందరం తల ఊపాం. మన పల్లెది మూఢనమ్మకం, దూరదేశానిది జ్ఞానం అనుకోవడానికి ఆధారం ఏమిటో మాలో ఎవరమూ అడగలేదు.

నిజానికి స్ట్రోక్‌కు ఈ రోజు ఎక్కువగా వాడే సూదుల పద్ధతులు అంత పాతవేమీ కాదు. తల చర్మం మీద సూదులు పెట్టే పద్ధతిని షాన్‌షీ రాష్ట్రానికి చెందిన జియావో షున్‌ఫా అనే వైద్యుడు 1970ల మొదట్లో తయారుచేశాడు. అందులో కదలికకు ఒక గీత, దానికి ఒకటిన్నర సెంటీమీటర్ల వెనుక స్పర్శకు ఒక గీత ఉంటాయి. ఆ గీతలు ప్రాచీన గ్రంథాల నాడీమార్గాల్లోంచి రాలేదు. ఆధునిక మెదడు పటంలో కదలిక, స్పర్శ భాగాలు ఎక్కడున్నాయో చూసి, వాటికి సరిగ్గా పైన తల మీద గీశారు. మధ్యలో పుర్రె ఉంది. చర్మం కింద ఆగిన సూది ఆ ఎముకను దాటి మెదడును ఎలా మేల్కొలుపుతుందో ఆ పటం చెప్పదు. అమ్మ దెబ్బ మెదడు పైపొరలో కూడా కాదు, లోతున థాలమస్‌లో. అయినా ఆమె తల మీద అదే గీత వెంట సూదులు పెట్టారు. మెదడును మేల్కొలిపి ద్వారాలు తెరుస్తుందని చెప్పే మరో పద్ధతి తియాన్‌జిన్‌లో షి షుయెమిన్ 1972లో మొదలుపెట్టినది. ఈ రెండూ నా కంటే పదేళ్లే పెద్దవి. కొత్తవి కావడం తప్పు కాదు. కొత్తవాటికి వేల ఏళ్ల ముద్ర వేసి అమ్మడం తప్పు.

మన దేశంలో ఈ వైద్యం పేరు చెప్పగానే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ పేరు వస్తుంది. 1938లో జపాన్‌తో యుద్ధం చేస్తున్న చైనాకు మన దేశం పంపిన అయిదుగురు డాక్టర్లలో ఆయన ఒకరు. 1942 డిసెంబర్‌లో అక్కడే కన్నుమూశారు. ఆయన త్యాగం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ ఆయన సైనికుల గాయాలకు ఆపరేషన్లు చేసిన సర్జన్. ఆయన సహచరుడు బి.కె. బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి సూదులు నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. ఆ స్నేహం, ఆ ఆదర్శం గొప్పవి. అవి అమ్మ చేతిలో ఆవగింజ తెలుస్తుందనడానికి సాక్ష్యం కావు.

సాక్ష్యం వేరేచోట ఉంది, వెతికితే దొరుకుతుంది. అందులో నాకు బాగా నచ్చినది స్వీడన్ కథ. లుండ్ నగరంలో బార్బ్రో యోహాన్సన్ బృందం సూదుల ద్వారా స్పర్శను ప్రేరేపిస్తే స్ట్రోక్ రోగులు త్వరగా కోలుకుంటారేమోనని నిజంగానే ఆశపడింది. 1993లో 78 మందితో చేసిన పరిశోధనలో ఫలితం బాగా వచ్చింది. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని ఎత్తి చూపింది. అయితే అందులో సూదులు అందనివాళ్లకు ఏ బదులు చికిత్సా ఇవ్వలేదు. తేడా సూదుల వల్ల వచ్చిందా, అదనంగా దొరికిన శ్రద్ధ, ఆశ వల్ల వచ్చిందా తెలియదు. అందుకే వాళ్లే మళ్లీ పూనుకున్నారు. ఏడు ఆసుపత్రుల్లో 150 మందిని తీసుకుని, ఒక గుంపుకు సూదులు, ఒక గుంపుకు గట్టి కరెంటు, మూడో గుంపుకు తెలియనంత సన్నటి కరెంటు ఇచ్చారు. 2001లో ఫలితం వచ్చింది. మూడు నెలలకూ, ఏడాదికీ, తేడా లేదు. తాము ఆశపడినదే నిలబడలేదని తామే అచ్చువేశారు. 2005లో బ్రిటన్‌లో 116 మందితో నిజం సూదులనూ ఉత్తుత్తి సూదులనూ పోల్చారు. అక్కడా తేడా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుందని చెప్పి ఒక జాబితా చూపిస్తారు. ఆ జాబితా నిజమే. 2002 నాటి ఆ నివేదికలో స్ట్రోక్ పేరు ఉంది. అది 1990ల చివరి దాకా వచ్చిన పరిశోధనల లెక్క. సరిగ్గా ఆ కాలపు పరిశోధనలనే 1998లో ఆండ్రూ వికర్స్ అనే శాస్త్రవేత్త దేశాల వారీగా విడదీసి చూశాడు. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌లలో జరిగిన ఆక్యుపంక్చర్ పరిశోధనలన్నీ సూదులు పనిచేశాయనే చెప్పాయి. ఒక్కటీ ఓడిపోలేదు. టెస్టింగ్ చేసేవాళ్లకు దీని అర్థం తెలుసు. ఏ బిల్డ్‌లోనూ ఒక్క బగ్ కూడా దొరకలేదంటే సాఫ్ట్‌వేర్ బాగుందని కాదు, పరీక్ష సరిగా జరగలేదని. 2016లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 31 పరిశోధనలు, 2,257 మంది రోగుల వివరాలు కలిపి చూసి, మేలున్నట్టు కనబడుతున్నా చాలా పరిశోధనలు చిన్నవి, నాసిరకానివి కాబట్టి ఏమీ తేల్చలేమంది.

మూలికల సంగతీ అంతే. తిమ్మిరికి, పడిపోయిన అవయవాలకు చైనాలో ఇప్పటికీ వాడే ఒక కషాయం ఉంది, బుయాంగ్ హువాన్‌వు టాంగ్. వాంగ్ చింగ్‌రెన్ అనే వైద్యుడు 1830లో వెలువరించినది. అందులో వానపాములు, మన తాండూరు వైపు పండే కుసుమ పువ్వు, ఇంకొన్ని వేర్లు ఉంటాయి. వాటిలో డాంగ్‌గుయ్ అనే వేరు వార్ఫరిన్‌తో కలిస్తే నెత్తురు మరీ పల్చబడే ప్రమాదం ఉందని తెలిసిందే. న్యూరోఎయిడ్ అనే మూలికల మందును 2013లో 1,100 మంది మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మందు కంటే మెరుగని తేలలేదు. మెదడులో రక్తస్రావమైన 1,648 మందికి చైనాలోని 26 ఆసుపత్రుల్లో ఒక సంప్రదాయ మందు ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఫలితం, మేలు లేదు. ఈ రెండో పరీక్ష చేసింది, ఓటమిని ఒప్పుకుని అచ్చువేసింది ప్రధానంగా చైనావాళ్లే. వాళ్లను నేను గౌరవిస్తాను. వాళ్ల దేశంలో వాళ్లే అడుగుతున్న ప్రశ్నను కొత్తగూడలో అడిగితే మాత్రం సంప్రదాయాన్ని అవమానించినట్టు చూస్తారు.

అలాగని ఇంగ్లీషు వైద్యం చేసేవన్నీ పరీక్షలో నెగ్గుతాయని నేను చెప్పను. కుటుంబసభ్యులకే నేర్పించి ఇంట్లో వ్యాయామాలు చేయిస్తే రోగులు బాగుపడతారని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో పరిశోధన చేశారు. వినడానికి ఎంతో సబబుగా ఉండే ఆలోచన. 2017లో తేలిందేమంటే, ఆరు నెలలకు తేడా లేదు. మనవాళ్లు ఆ మాట దాచలేదు. నమ్మకం కుదరడానికి నాకు కావలసిన గుణం ఇది, ఓడినప్పుడు ఓడామని చెప్పడం.

“మరి మా అక్క వరసావిడకు సూదులతోనే తగ్గింది” అంటారు కొందరు. తగ్గి ఉంటుంది. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మెదడు తనంతట తానే చాలావరకు సర్దుకుంటుంది. ఆ నెలల్లో ఏ వైద్యం చేయిస్తే దానికి పేరు వస్తుంది. పావురం నెత్తురుకు పేరు వచ్చిందీ ఇలాగే.

ఇక “పోయేదేముంది” అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. పోయేవి ఆ నెలలే.

ఆస్ట్రేలియాలో లీయాన్ కేరీ అనే పరిశోధకురాలు స్పర్శ దెబ్బతిన్న 50 మందితో ఒక పని చేశారు. ఒక గుంపుకు చేతితో రకరకాల వస్తువులు ఊరికే తాకించారు. రెండో గుంపుకు గంట చొప్పున పది పాఠాలు చెప్పారు. కళ్లు మూసుకుని ఇది గరుకా నునుపా చెప్పు, వేలు పైకి ఉందా కిందికి ఉందా చెప్పు, చేతిలో ఉన్నదేమిటో చెప్పు. తప్పు చెబితే కళ్లు తెరిచి చూడు, బాగున్న చేత్తో పట్టుకుని పోల్చు, మళ్లీ ప్రయత్నించు. సులువు నుంచి కష్టానికి వెళ్లు. 2011లో ఫలితం వచ్చింది. పాఠం నేర్చుకున్నవాళ్ల స్పర్శ, ఊరికే తాకించుకున్నవాళ్ల కంటే బాగా మెరుగైంది, ఆ మెరుగు నెలల తర్వాతా నిలిచింది. ఇది చిన్న పరిశోధనే. 2010 నాటి కోక్రేన్ సమీక్షలో చేతి స్పర్శ మీద మొత్తం 13 పరిశోధనలు, 467 మంది మాత్రమే. అద్దం చికిత్స లాంటి కొన్ని పద్ధతులకు తొలి ఆధారాలున్నాయని, ఇంకా పని జరగాలని అది చెప్పింది. కాబట్టి నేనూ గ్యారంటీ ఇవ్వను.

అయినా కేరీ పరిశోధనలో తేలిన తేడా నా కళ్లు తెరిపించింది. పడుకోబెట్టి చేతికి ఏదో ఒకటి చేయడం వేరు, ఆ చేత్తో మనిషి స్వయంగా వెతుక్కోవడం వేరు. కబురు వచ్చే దారి సన్నబడితే, ఆ సన్నటి కబురును చదవడం మెదడు మళ్లీ నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి శ్రద్ధ కావాలి, తప్పు తెలియాలి, దిద్దుకోవాలి. సూది కింద కళ్లు మూసుకుని పడుకున్న నలభై నిమిషాల్లో ఈ మూడూ లేవు. సూదే కాదు, కరెంటు పెట్టి పక్క రోగి దగ్గరికి వెళ్లిపోయే ఫిజియోథెరపీలో కూడా లేవు.

మేం మిగిలిన అయిదు సిట్టింగులు వదిలేశాం. డబ్బు వెనక్కి రాలేదు. నేను ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును వెతికి పట్టుకున్నాను. అలాంటి వృత్తి ఒకటి ఉందని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. ఆమె అడిగిన మొదటి వస్తువు పోపుల పెట్టె. మొదట కందిపప్పు, శనగలు. తర్వాత పెసలు, మినుములు. చివరికి మెంతులు, ఆవాలు. ఒక గుడ్డసంచిలో తాళంచెవి, రూపాయి బిళ్ల, బొత్తాం, జడపిన్ను. పట్టుచీర కొంగు, తువ్వాలు, గోనెపట్టా. రోజుకు రెండుసార్లు అరగంట. అమ్మకు విసుగు వచ్చేది, కోపం వచ్చేది. “చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ఏంది ఇది” అని లేచిపోయేది. మళ్లీ వచ్చి కూర్చునేది. నీళ్ల వేడి ఎడమచేత్తో చూసుకున్నాకే కుడిచెయ్యి పెట్టాలని, పొయ్యి దగ్గర కుడివైపు గిన్నెలు ఉంచొద్దని, రాత్రి పడుకునేముందు అరికాలు అద్దంలో చూసుకోవాలని నేర్పారు. ఈ జాగ్రత్తలు ఆసుపత్రిలో మొదటిరోజే చెప్పాల్సినవి. ఇందులో డాక్టర్ల తప్పు నేను తక్కువ చేసి చెప్పను. స్పర్శను పరీక్షించకుండా “అదృష్టవంతులు” అని పంపేయడమే జనాన్ని సూదుల దాకా నడిపిస్తోంది.

కొందరికి మొద్దుబారిన వైపే కొన్నాళ్లకు మంటలు మొదలవుతాయి. దుప్పటి తగిలినా భగ్గుమంటుంది. పారిస్‌లో దెజెరిన్, రూసీ అనే వైద్యులు 1906లోనే థాలమస్ దెబ్బ వల్ల వచ్చే ఈ నొప్పిని వర్ణించారు. దానికి అమిట్రిప్టిలిన్, ప్రీగాబలిన్ లాంటి మందులున్నాయి. అందరికీ పూర్తిగా తగ్గకపోవచ్చు, కొందరికి నిద్ర పట్టేంతగానైనా తగ్గుతుంది. అలాంటివాళ్లకు “విషం బయటికి వస్తోంది, మంచి గుర్తు, సిట్టింగులు ఆపొద్దు” అని చెబితే అది క్రూరత్వం.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. ఎవరికైనా స్ట్రోక్ వస్తే కదిలించొద్దట, సూదితో పది వేళ్ల కొసలూ గుచ్చి నెత్తురు చుక్కలు తీస్తే మనిషి లేచి కూర్చుంటాడట, చైనా ప్రొఫెసర్ చెప్పాడట. ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతున్న అబద్ధం ఇది. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. గడువులోనూ ఎంత ముందు ఇస్తే అంత మెదడు మిగులుతుంది. వేళ్లు గుచ్చుతూ కూర్చున్న అరగంటలో మనిషిని కారెక్కించి, 2023లో తెరిచిన కొత్తగూడ ఫ్లైఓవర్ దాటించి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చొచ్చు. రెండో ప్రమాదం గోలీలు. “సూదులు పనిచేయాలంటే ఇంగ్లీషు మందులు తగ్గించుకోండి” అన్న సలహా అమ్మకూ వచ్చింది. అమ్మ వారం రోజులు నాకు చెప్పకుండా బీపీ గోలీ మానేసింది. ఆ వారం ఏమీ కాలేదు. రెండో స్ట్రోక్ రాకుండా ఆపే గోలీని పక్కన పెట్టించిన ఆ సలహాకు కూడా “పోయేదేముంది” అనే పేరు.

వచ్చే నెల మా క్లబ్‌హౌస్‌లో ఆక్యుపంక్చర్ ఉచిత శిబిరం పెడతారట. వద్దని అసోసియేషన్‌కు ఉత్తరం రాశాను. జవాబులో అదే మాట వచ్చింది. ఆ రోజు అమ్మను తీసుకుని నేనూ వెళ్తాను. అడగాల్సినవి కాగితం మీద రాసుకున్నాను. సూది పెట్టేముందు స్పర్శను దేనితో కొలుస్తారు? పెట్టాక మళ్లీ అదే కొలతతో కొలుస్తారా? తిమ్మిరి ఉన్నవాళ్లకు సెగ పెడతారా? రక్తాన్ని పల్చబరిచే మందులు వాడుతున్నారా అని ఎవరు అడుగుతారు? ఎన్ని సిట్టింగులయ్యాక తగ్గకపోతే, మా వల్ల కాదని చెబుతారు? చివరి ప్రశ్న అమ్మ చెప్పి రాయించింది.